గింజ లోపలి జన్యు విశేషాలు

వేరు కిందికి, మొలక పైకి అన్న పంపకం విత్తనం నాటాక జరిగేది కాదు. గింజ ఇంకా తల్లి మొక్క మీద ఉండగానే జన్యువులు ఆ సంగతి తేల్చేస్తాయి.

◆ పూల మొక్కల్లో ఫలదీకరణం రెండుసార్లు జరుగుతుంది. పుప్పొడి తెచ్చిన రెండు పురుష కణాల్లో ఒకటి అండకణంతో కలిస్తే పిండం పుడుతుంది. రెండోది మధ్య కణంతో కలిస్తే పిండానికి ఆహారమైన అంకురచ్ఛదం ఏర్పడుతుంది. 1898లో రష్యా శాస్త్రవేత్త సెర్గీ నవాషిన్ లిల్లీ జాతి పూలలో ఈ సంగతి కనిపెట్టాడు. మన బియ్యంలో అత్యధిక భాగం అంకురచ్ఛదమే. కొబ్బరి నీళ్లూ అదే.

◆ పిండం తీరును తేల్చే జన్యువుల గురించి మనకు ఎక్కువగా నేర్పింది ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క. మొక్కలన్నిటిలో మొదట, 2000లో, పూర్తి జన్యుక్రమం వెలువడింది దీనిదే.

◆ ఫలదీకరణంతో ఏర్పడిన దీని తొలి కణం సమానంగా చీలదు. పైనుండే చిన్న కణం నుంచి దాదాపు పిండమంతా తయారవుతుంది. కిందుండే పెద్ద కణం నుంచి పిండాన్ని పట్టి ఉంచి పోషించే కాడ వస్తుంది. అప్పటిదాకా ఒకే కణంలో ఉన్న వాక్స్2, వాక్స్8 జన్యువుల పనీ అక్కడే వేరుపడుతుంది. మొదటిది పైకణంలో, రెండోది కిందికణంలో పనిచేస్తాయి.

◆ ఆ కాడ పెరగడంలో తండ్రి పాత్ర ఉంది. షార్ట్ సస్పెన్సర్ అనే జన్యువు సందేశం పురుష కణంలోనే సిద్ధమవుతుంది, కానీ ప్రోటీన్‌గా మారేది అండంతో కలిశాకే. ఇది 2009లో తెలిసింది. ఆ జన్యువు దెబ్బతింటే కాడ పొట్టిదవుతుంది.

◆ వేరు చోటును నిర్ణయించేది ఆక్సిన్ హార్మోన్. మొదట పైకి పారే ఆక్సిన్, పిండం గుండ్రంగా మారిన దశలో కిందికి మళ్లుతుంది. అది పోగయిన చోటే వేరు మొదలవుతుంది. మోనోప్టెరోస్ అనే జన్యువు చెడితే పిండానికి వేరు అనేదే ఉండదు.

◆ పిండం పుట్టడానికి ఫలదీకరణం తప్పనిసరి కాదు. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శిప్రా గుహ, సతీశ్ చంద్ర మహేశ్వరి ఉమ్మెత్త జాతి మొక్క పరాగకోశాలను పోషక ద్రవ్యంలో పెంచి, పుప్పొడి నుంచే పిండాలు రాబట్టారు.

◆ వరిలో పిండాన్ని మొదలుపెట్టే జన్యువుల్లో ఒకటి బేబీ బూమ్1. మామూలుగా పురుష కణం నుంచి వచ్చిన దాని ప్రతే ముందు పనిచేస్తుంది. 2019లో కాలిఫోర్నియాలో వెంకటేశన్ సుందరేశన్ బృందం ఈ జన్యువు అండకణంలోనే పనిచేసేలా చేసింది. దాంతోపాటు క్షయకరణ విభజన జరగకుండా మరికొన్ని జన్యువులను మార్చింది. అలా తల్లికి అచ్చమైన నకలు విత్తనాలు వచ్చాయి.

హైబ్రిడ్ వరి గింజలు దాచి నాటితే తర్వాతి పంటలో ఆ గుణాలు చెదిరిపోతాయి. అందుకే రైతు ఏటా విత్తనం కొంటాడు. ఈ నకలు విత్తనాల పద్ధతి పొలంలో నిలదొక్కుకుంటే ఆ ఖర్చు తగ్గుతుంది. ఆ ఫలం చిన్న రైతు గాదె దాకా చేరేలా ప్రభుత్వ పరిశోధన సంస్థలు ఇప్పటినుంచే పూనుకోవాలి.