లో వోల్టేజ్‌కి మోటర్ కాలిపోతుంది, మరి ప్రాసెసర్?

హిందూపురం నుంచి మళ్ళీ నేనే. ఫ్యాన్ ఆపి మాట్లాడుతున్నా, లేకపోతే మైకులో గాలి చప్పుడే వస్తుంది. గదిలో 38 డిగ్రీలుంది. చెమట కనిపిస్తే పట్టించుకోకండి.

ఈ ఎపిసోడ్ ధర్మవరంలో ఉండే నా ఫ్రెండ్ వల్ల వచ్చింది. వాడు పట్టుచీరలకు కంప్యూటర్‌లో డిజైన్లు వేస్తాడు. జకార్డు డిజైన్ అంటే గళ్ళ కాగితం లాంటిదే, ఒక్కో చిన్న గడి మగ్గం మీద పోగు పైకి లేవాలా కింద ఉండాలా అని చెబుతుంది. డిజైన్ అయ్యాక చీర మీద ఎలా కనిపిస్తుందో చిన్న వీడియోగా రెండర్ చేసి షాపులకు వాట్సాప్‌లో పంపుతాడు. వాడిది రైజెన్ 5 5600, డబ్బాలో వచ్చిన కూలరే. ఎండాకాలం మధ్యాహ్నం రెండర్ పెట్టాడంటే 90 డిగ్రీలు తగులుతుంది. ఆ చిప్‌కి అదే పైహద్దు. అక్కడికి రాగానే అదే స్పీడు తగ్గించుకుంటుంది.

"ఏమప్పా, ఇది కంప్యూటరా, పొయ్యా?" అని వాళ్ళ నాన్న అడిగినాడు. వోల్టేజ్ తగ్గిద్దాంలే పెద్దాయనా అన్నా. దానికాయన, "లో వోల్టేజ్ వస్తే బోరు మోటర్ కాలిపోతాది, నువ్వేమో కావాలని తగ్గిస్తానంటావే?"

నిజంగా మంచి ప్రశ్న. మన రాయలసీమలో లో వోల్టేజ్ అంటే భయం ఊరికే రాలేదు. మోటర్ మీద నీళ్ళ బరువు మారదు. వోల్టేజ్ తగ్గితే అదే పని చేయడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగ్ వేడెక్కి కాలుతుంది. ప్రాసెసర్ దానికి పూర్తిగా తిరగబడిన కేసు. ముందు ఒకటి, మనం తగ్గించేది గోడ ప్లగ్గులోని 230 వోల్టులు కాదు. మదర్‌బోర్డు చిప్‌కి ఇచ్చే ఒక వోల్టు చిల్లర, దాంట్లో కొంచెం. చిప్‌లో కోట్ల స్విచ్చులు ఆన్, ఆఫ్ అవుతుంటాయి. ఆ పనికి ఖర్చయ్యే పవర్ వోల్టేజ్ వర్గాన్ని బట్టి ఉంటుంది, అంటే వోల్టేజ్‌ని వోల్టేజ్‌తోనే గుణించాలి. స్పీడు మార్చకుండా 1.30 వోల్టుల నుంచి 1.17కి తెచ్చారనుకోండి, తగ్గింది 10 శాతమే. 0.9ని 0.9తో గుణిస్తే 0.81. అంటే ఆ పవర్ 19 శాతం తగ్గినట్టు. పవర్ తగ్గితే వేడీ అంతే తగ్గుతుంది. వోల్టేజ్ తక్కువై చిప్ కాలిపోదు.

మరి కంపెనీవాళ్ళే తక్కువ పెట్టి అమ్మొచ్చుగా? ఒకే మోడల్‌లో కూడా ఏ రెండు చిప్పులూ ఒకేలా రావు. అన్నిటికంటే బలహీనమైనది కూడా, వేడిలో, కొన్నేళ్ళు వాడాక కూడా తప్పు చేయకూడదని కొంచెం ఎక్కువే పెట్టి పంపుతారు. ఆ మిగులునే మనం తీస్తున్నాం. మీ ఫోన్‌లోనూ పనిని బట్టి స్పీడు, వోల్టేజ్ క్షణక్షణం మారుతుంటాయి. కానీ అక్కడ అంతా కంపెనీ చేతిలోనే.

పెద్ద కూలర్ కొంటే సరిపోదా అంటారు. కొనండి, చిప్ చల్లబడుతుంది. కానీ కూలర్ వేడిని చిప్ నుంచి గదిలోకి తోస్తుందంతే. తలుపులు మూసిన గదిలో ఆ వేడి మీ నెత్తికే చుట్టుకుంటుంది. వోల్టేజ్ తగ్గిస్తే అసలు వేడి పుట్టడమే తగ్గుతుంది. మన ఎండలకు నాకు నచ్చింది ఇదే.

రైజెన్ 5000 డెస్క్‌టాప్ చిప్పుల్లో దీనికి కర్వ్ ఆప్టిమైజర్ ఉంది. బయాస్‌లో ప్రిసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్‌లోకి వెళ్ళి, అడ్వాన్స్‌డ్ పెట్టి, కర్వ్ ఆప్టిమైజర్‌లో నెగటివ్ ఎంచుకోవాలి. అంకె 30 దాకా ఇవ్వొచ్చు. ఒక్కో అంకె సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. వారంటీ నిబంధనల్లో ఇది ఓవర్‌క్లాకింగ్ కిందికే వస్తుంది, అది తెలుసుకునే చేయండి.

ఇక నేను చేసిన వెధవ పని. యూట్యూబ్‌లో అందరూ మైనస్ 30 అంటున్నారని నేనూ నేరుగా మైనస్ 30 పెట్టేశా. సినీబెంచ్ అరగంట తిప్పా. ఏ తేడా లేదు. సూపర్ అనుకుని బస్సెక్కి ఇంటికొచ్చేశా. మూడో రోజు రాత్రి వాడి ఫోన్. పల్లు డిజైన్ తెరిచి పెట్టుకుని అన్నం తినడానికి వెళ్ళాడట. తిరిగొచ్చేసరికి కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అయి ఉంది. మధ్యాహ్నం నుంచి వేసిందేదీ సేవ్ కాలేదు. మర్నాడు పొద్దున్నే షాపుకి చూపించాల్సిన డిజైన్ అది. వాడు నన్ను తిట్టలేదు, అదే ఎక్కువ బాధేసింది.

ఖాళీగా ఉన్నప్పుడు పడిపోవడమేంటి అంటారా? వోల్టేజ్ తగ్గితే స్విచ్చులు కొంచెం నెమ్మదిస్తాయి. గడియారం టిక్కుమనేలోపు సిగ్నల్ చేరకపోతే లెక్క తప్పుతుంది. సినీబెంచ్‌లో కోర్లన్నీ కలిసి పనిచేస్తాయి కాబట్టి స్పీడు కాస్త తక్కువలో ఉంటుంది. పని తక్కువున్నప్పుడు నిద్రలో ఉన్న ఒక్క కోర్ చటుక్కున లేచి ఫుల్ స్పీడుకి ఎగురుతుంది. మిగులు అన్నిటికంటే సన్నగా ఉండేది అక్కడే. అందుకే పెద్ద పరీక్ష పాసైన కంప్యూటర్ బ్రౌజర్ తెరిచినప్పుడు పడిపోతుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో చూస్తే హీయా లాగర్ పేరుతో ఎర్రర్ కనిపించింది. దాన్ని చూస్తే మీరూ వెంటనే అంకె తగ్గించండి. రీస్టార్ట్ అయితే తెలుస్తుంది కనీసం. చప్పుడు లేకుండా లెక్క తప్పితే ఫైల్లో తప్పు గడి పడొచ్చు, అది మగ్గం మీదికి పోతే పట్టు, జరీ, నేసేవాళ్ళ రోజులు అన్నీ పోతాయి.

రెండోసారి పద్ధతిగా చేశా. అన్నిటికన్నా ముందు వాడి ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లోకి. మైనస్ 10తో మొదలుపెట్టి, ఐదేసి పెంచుతూ, ప్రతిసారీ రాత్రంతా కోర్‌సైక్లర్ పెట్టాం. అది ఉచితం, ఒక్కో కోర్‌ని విడిగా పరీక్షిస్తుంది. మైనస్ 20 దగ్గర ఒక కోర్ తప్పు చూపించింది. మైనస్ 15కి వెనక్కొచ్చాం. బయాస్ దాకా కూడా రాకపోతే కంగారుపడకండి, సీమాస్ క్లియర్ చేస్తే పాత సెట్టింగులు వచ్చేస్తాయి.

ఇంకోటి, దీన్ని చాలామంది చెప్పరు. ఈ చిప్పులు మిగిలిన పవర్‌ని ఊరికే వదలవు, దాంతో ఇంకా స్పీడుగా పోదామని చూస్తాయి. అప్పుడు వేడి అనుకున్నంత తగ్గకపోవచ్చు. అందుకే పీపీటీ అనే పవర్ హద్దు కూడా తగ్గించాలి. 5600కి మామూలుగా 76 వాట్లు, మేం 60 పెట్టాం.

ఇంటెల్ వాళ్ళకి త్వరగా చెప్పేస్తా. వోల్టేజ్ తగ్గించి ప్రాసెసర్‌లోని రహస్య సమాచారం లాగొచ్చని 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ పేరుతో పరిశోధకులు బయటపెట్టారు. ఆ తర్వాత వచ్చిన అప్‌డేట్లతో చాలా మెషిన్లలో ఈ దారి మూసేశారు. కే అక్షరం లేని చిప్పుల్లో పెద్దగా వీలుండదు. 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పులుంటే అండర్‌వోల్ట్ సంగతి తర్వాత, ముందు బయాస్ అప్‌డేట్ చేయండి. వాటిలో కొన్ని ఎక్కువ వోల్టేజ్ అడిగి పాడవుతున్నాయని 2024లో ఇంటెలే ఒప్పుకుని, సరిచేసే మైక్రోకోడ్ ఇచ్చింది.

ధర్మవరంలో ఇప్పుడు రెండర్ పెడితే 78 దాటట్లేదు. వీడియోకి ఒకట్రెండు నిమిషాలు ఎక్కువ పడుతోంది, వాడికి పర్లేదట. నేను మాత్రం ఇంక ఫ్యాన్ వేసుకుంటా. ఉంటా మరి.