ఎంపికలో వివేచన

మంచి చెడులను వేరు చేయడం సులభం. రెండూ మంచివిగా, ఒకే తీరుగా కనిపించినప్పుడు వాటిలో ఒకదానిని ఎంచుకోవడమే కష్టం. శ్రీనాథ మహాకవి శృంగార నైషధంలో దమయంతికి ఇట్టి సంకటమే ఎదురైంది. స్వయంవర సభలో ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుని రూపం ధరించి, అసలు నలుని సరసనే కూర్చున్నారు. ఆమె ప్రార్థించగా దేవతల లక్షణాలు బయటపడ్డాయి. వారికి రెప్పపాటు లేదు. పాదాలు నేలను తాకలేదు. ఆ గుర్తులను బట్టి దమయంతి నలుని వరించింది. రూపం సమానమైనప్పుడు లక్షణమే శరణ్యం.

నేటి అంగడిలో స్మార్ట్‌ఫోన్ కొనబోయే వారి స్థితి కూడా ఇంచుమించు ఇదే. 1995 జూలై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుండి ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడడంతో మన దేశంలో సెల్‌ఫోన్ సేవలు ఆరంభమయ్యాయి. నాడు మాటలకే పరిమితమైన ఆ సాధనం నేడు పుస్తకంగా, బ్యాంకుగా, కెమెరాగా రూపాంతరం చెందింది.

విశాఖపట్నానికి నైరుతి దిశలో ఉన్న పరవాడ ప్రాంతం 2000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్ కేంద్రానికి, జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీకి నెలవు. అక్కడి ఒక కార్మిక కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రి జీతం పడిన సందేశం, తల్లి కిరాణా చెల్లింపులు, కుమార్తె కళాశాల పాఠాలు అన్నీ ఒకే ఫోన్‌లో ఉంటాయి. అది పాతబడింది. గాజువాక దుకాణంలో రెండు కొత్త ఫోన్లు చూశారు. ఒకదాని ధర 15,000 రూపాయలు, రెండవదాని ధర 17,000. తెర, బ్యాటరీ, నిల్వ సామర్థ్యం రెండింటికీ సమానమే. ఏది కొనాలి?

అసలు కొనడం అవసరమా అన్నది మొదటి ప్రశ్న. ఫోన్లలోని లిథియం అయాన్ బ్యాటరీ కొన్ని వందల మార్లు చార్జి చేసిన పిదప క్రమంగా శక్తి కోల్పోతుంది. లోపం బ్యాటరీలోనే ఉంటే దానిని మార్పించుకోవడం చౌక. ఫోన్‌కు భద్రతా నవీకరణలు ఆగిపోయినా, అవసరమైన బ్యాంకు యాప్‌లు పనిచేయకపోయినా మార్పు తప్పదు.

రెండవది, ప్రకటనలోని అంకెల అంతరార్థం. మెగాపిక్సెళ్లు ఎక్కువైనంత మాత్రాన చిత్రం మెరుగుపడదు. 50 మెగాపిక్సెళ్ల కెమెరాలు అనేకం నాలుగేసి బిందువులను ఒకటిగా కలిపి, సుమారు 12 మెగాపిక్సెళ్ల చిత్రాన్నే ఇస్తాయి. కాంతిని గ్రహించే సెన్సార్ పరిమాణం, కటకం నాణ్యత ముఖ్యం.

మూడవది, ప్రాంతానికి తగిన దృఢత్వం. ఐ.పి. 68 అన్న గుర్తులో 6 ధూళి నుండి, 8 నీటి నుండి రక్షణను తెలుపుతాయి. అయితే ఆ నీటి పరీక్ష మంచినీటిలో జరిగేది. ఆ గుర్తును నమ్మి ఫోన్‌ను ముత్యాలమ్మపాలెం తీరంలో ఉప్పునీట ముంచడం అవివేకం.

నాలుగవది, ఆయుర్దాయం. మొదటి ఫోన్‌కు తయారీదారు మూడేళ్లు, రెండవదానికి ఐదేళ్లు భద్రతా నవీకరణలు ఇస్తామన్నారనుకుందాం. 15,000ను మూడుతో భాగిస్తే ఏడాదికి 5,000. 17,000ను ఐదుతో భాగిస్తే 3,400. అంగడిలో చౌకగా కనిపించినది వాడుకలో ఖరీదైనదని తేలింది. ఐరోపా సమాఖ్య 2025 జూన్ 20 నుండి అమలు చేసిన నిబంధనల ప్రకారం, ఒక నమూనా అమ్మకాలు ముగిసిన పిదప కనీసం ఐదేళ్లు నవీకరణలు అందించాలి. ఆయుర్దాయానికి గల ప్రాధాన్యాన్ని ఇది చాటుతున్నది.

అయినా రెండవ ఫోనే అందరికీ ఉత్తమమని చెప్పలేము. ఆ అదనపు రెండు వేలు కుమార్తె పరీక్ష రుసుము నుండి తీయవలసి వస్తే మొదటిదే మేలు. వాయిదాల సౌలభ్యం చూసి స్థోమతను మించి కొనడం అప్పుచేసి పప్పుకూడు తినడమే. పాత ఫోన్‌ను మార్పిడికి ఇచ్చేటప్పుడు ‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అన్న సామెత అనుభవానికి వస్తుంది. అందుచేత మార్పిడి ధరను రెండు మూడు చోట్ల విచారించాలి. ఇచ్చే ముందు అందులోని సమాచారాన్ని పూర్తిగా తుడిచివేయాలి.

కొన్న పిదప రసీదు భద్రపరచాలి. దానిపై ఉన్న 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య ఫోన్‌లోని సంఖ్యతో సరిపోవాలి. వస్తువులో లోపముంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం అండగా నిలుస్తుంది. 1915 సంఖ్యకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. పనికిరాని ఫోన్‌ను చెత్తకుండీలో వేయక, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు సేకరించే కేంద్రానికి అప్పగించాలి.

ఎంపిక ముందు తెలుసుకోవలసినది వస్తువు గొప్పతనం ఒక్కటే కాదు, తన అవసరం కూడా. అవసరం స్పష్టమైతే, ఒకేలా కనిపించే రెండు వస్తువుల మధ్య భేదం తానే బయటపడుతుంది.