సగం గ్యాసుంది, మంట మాత్రం లేదు

2026లో మేడారం జాతర జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది. రెండేళ్ళకోసారి వచ్చే ఈ పండుగకు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఊళ్ళ నుంచి ఇంటిల్లిపాదీ బియ్యం, గిన్నెలు, పొయ్యి మూటగట్టుకొని కదులుతారు. జంపన్నవాగులో స్నానం, గద్దెల దగ్గర బంగారమని పిలిచే బెల్లం మొక్కు, ఆ తర్వాత చెట్టు కింద కోడికూర. తిరిగొచ్చాక కొన్ని ఇళ్ళలో ఒక ఫిర్యాదు కూడా ఉంటుంది: నిండు సిలిండరని పైసలు తీసుకున్నాడు, రెండో గిన్నె దించకముందే మంట సన్నబడింది. ఎత్తి చూస్తే ఇంకా బరువుంది. ఊపితే లోపల గలగలమంటోంది. పైన చూస్తే చెమట పట్టినట్టు తడి. దుకాణదారు ఏదో కలిపాడని తీర్పు వెలువడుతుంది.

చాలాసార్లు ఆ దుకాణదారు నిర్దోషి. సిలిండర్‌కు చలేసింది, అంతే. ప్రయాణానికి పొయ్యి కొనేవాళ్ళు బర్నర్లు ఎన్ని, స్టీలు ఎంత మందం అని చూస్తారు గానీ, ఈ చలి సంగతి అడిగేవాళ్ళు అరుదు. పొయ్యి ఎంపికలో అసలు కథ అక్కడే ఉంది.

సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. ఒత్తిడి వల్ల ద్రవంగా ఉంటుంది. మామూలు గాలి ఒత్తిడిలో ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతుంది, బ్యూటేన్ మైనస్ అర డిగ్రీ దగ్గర. నాబ్ తిప్పగానే పైనున్న ఆవిరి బర్నర్‌కు పోతుంది, లోపల ఒత్తిడి తగ్గుతుంది, ఆ లోటు పూడ్చడానికి ద్రవం మరుగుతుంది. అంటే పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నంతసేపూ కింద సిలిండర్‌లో ఇంధనమూ ఉడుకుతూనే ఉంటుంది. దానికి వేడి ఎవరిస్తారు?

ఈ ప్రశ్న విలువ తెలియడానికి 18వ శతాబ్దం దాకా ఆగాల్సి వచ్చింది. మంచు కరిగే స్థితికి వచ్చాక రవ్వంత వేడి తగిలితే చాలు, గడ్డంతా నీరైపోతుందని పండితులు నమ్మేవారు. అదే నిజమైతే ఎండ తగిలిన పూటే హిమాలయాల మంచంతా కరిగి, గంగా యమునలు ఊళ్ళను ముంచెత్తాలి. ఈ తిరకాసును పట్టుకున్నవాడు గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన జోసెఫ్ బ్లాక్. పదార్థం కరిగేటప్పుడూ మరిగేటప్పుడూ థర్మామీటరు కదలకుండానే బోలెడంత వేడిని మింగేస్తుందని 1760ల్లో ప్రయోగాలతో తేల్చాడు. గుప్తోష్ణం అంటున్నది దాన్నే. తమాషా ఏమిటంటే, వేడి ఒక రకమైన ద్రవమనీ అది పదార్థంలో కలిసిపోతుందనీ బ్లాక్ అనుకున్నాడు. అది తప్పు. లెక్క మాత్రం తప్పలేదు. ఆయన ఈ విషయాన్ని పుస్తకంగా అచ్చువేయనేలేదు. 1799లో పోయాక, 1803లో శిష్యుడు జాన్ రాబిసన్ ఆ పాఠాలను ప్రచురించాడు.

ఆ లెక్కను చెట్టు కింది వంటకు పట్టిద్దాం. కిలో గ్యాసు మండితే సుమారు 46,000 కిలోజౌళ్ళ వేడి వస్తుంది. అదే కిలో ద్రవం ఆవిరి కావడానికి దాదాపు 370 కిలోజౌళ్ళు చాలు. నూటికి ఒక పాలు కూడా కాదు! కానీ ఆ సంపద అంతా గిన్నె కింద ఉంది, సిలిండర్ అడుగున్నర దూరంలో నేల మీద ఉంది. కోటీశ్వరుడి గుమాస్తా పక్కవీధిలో చేబదులు అడిగినట్టు, సిలిండర్ చుట్టూ ఉన్న గాలిని బతిమాలుకొని వేడి తెచ్చుకోవాలి. ఇంట్లో పెద్ద బర్నర్ లాంటిది గంటకు 200 గ్రాముల గ్యాసు తాగితే సిలిండర్ గోడ గుండా నిరంతరంగా 20 వాట్ల వేడి లోపలికి పోవాలి. బిర్యానీ దేగిసా కింద పెట్టే భట్టీ పొయ్యి దానికి మూడు నాలుగింతలు అడుగుతుంది. నిశ్చలంగా ఉన్న గాలి అంత ఇవ్వలేదు. అప్పుడు ద్రవం తన సొంత వేడినే ఖర్చుపెట్టుకుంటుంది, చల్లబడుతుంది, ఒత్తిడి పడిపోతుంది, మంట కుంగుతుంది.

ఇక్కడ చిన్న సిలిండర్ మరీ నష్టపోతుంది. ఇంటి 14.2 కిలోల సిలిండర్‌కు గాలి తగిలే ఒళ్ళు ఎక్కువ. 5 కిలోలదానికి తక్కువ. గ్యాసు తగ్గేకొద్దీ ద్రవం తాకే గోడ ఇంకా కుంచించుకుపోతుంది. పైగా ప్రొపేన్ తేలిగ్గా ఆవిరవుతుంది కనుక అది ముందు ఖాళీ అవుతుంది, అడుగున బ్యూటేన్ పాలు పెరుగుతుంది. 15 డిగ్రీల దగ్గర ప్రొపేన్ ఆవిరి ఒత్తిడి వాతావరణ పీడనానికి సుమారు 7 రెట్లు, బ్యూటేన్‌ది రెండు రెట్లు కూడా ఉండదు. మాఘమాసపు తెల్లవారుజామున, సగం వాడిన చిన్న సిలిండర్‌కు భట్టీ పొయ్యి తగిలిస్తే మూడు కష్టాలూ ఒకేసారి వచ్చి పడతాయి. ఒట్టి బ్యూటేన్ డబ్బా తొడిగే పెట్టె స్టౌల గతి ఇంకా దారుణం: డబ్బాలో ఉండేది పావుకిలో లోపే, ఆదుకోవడానికి ప్రొపేన్ కూడా ఉండదు.

సిలిండర్ ఒంటి మీద తడిని చూసి లీకనుకొని కంగారుపడేవాళ్ళున్నారు, గుడ్డతో తుడిచేవాళ్ళూ ఉన్నారు. లీకు అనుమానం ఉంటే సబ్బు నురగ పూసి చూసుకోవాల్సిందే. మామూలు తడి మాత్రం గాలిలోని తేమ పేరుకున్నదే, అదీ మేలు చేసేదే. ఆవిరి నీరుగా మారేటప్పుడు మింగిన వేడిని కక్కుతుంది. ఆ వేడి నేరుగా సిలిండర్‌కు చేరుతుంది. తడి ఎక్కడిదాకా ఉందో చూస్తే లోపల ద్రవం ఎంత మిగిలిందో కూడా తెలిసిపోతుంది.

మంట తగ్గిందని సిలిండర్‌ను పడుకోబెట్టేవాళ్ళది మాత్రం క్షమించరాని తప్పు. ఆవిరి పోవాల్సిన గొట్టంలోకి ద్రవం దిగుతుంది. బొట్టు ద్రవం విచ్చుకుంటే రెండు వందల రెట్లకు పైగా వాయువవుతుంది. మంట ఒక్కసారిగా మనిషెత్తు లేస్తుంది. మసిలే నీళ్ళు పోసేవాళ్ళదీ అదే తెలివి. తొట్టిలో మామూలు నీళ్ళు పోసి సిలిండర్‌ను నిలబెడితే సరిపోతుంది. పది లీటర్ల నీళ్ళు ఒక్క డిగ్రీ చల్లబడితే 42 కిలోజౌళ్ళు వస్తాయి. వంద గ్రాములకు పైగా గ్యాసును ఆవిరి చేయడానికి అది చాలు.

ఈ చిక్కును మొదలంటా తెంచినది మన అమ్మమ్మల కాలపు పంపు స్టౌ. 1892లో స్టాక్‌హోమ్‌లో ఫ్రాన్స్ విల్‌హెల్మ్ లిండ్‌క్విస్ట్ తయారుచేసిన ప్రైమస్ దాని మూలపురుషుడు. గ్యాసునూనె, అంటే కిరోసిన్, 150 డిగ్రీలు దాటితే గానీ మరగదు, గాలిలోని వేడి దానికి ఏ మూలకు? అందుకని ఆయన నూనె గొట్టాన్ని మంట గుండానే తిప్పాడు. మొదట కాస్త స్పిరిట్ వెలిగించి గొట్టం కాలిస్తే, ఆ తర్వాత మంట తన ఇంధనాన్ని తానే మరిగించుకుంటుంది. బయట ఎంత చలి ఉన్నా దానికి లెక్కలేదు. 1911లో అముండ్‌సెన్ బృందం దక్షిణ ధ్రువానికి తీసుకెళ్ళింది ఇలాంటి స్టౌనే. నేటి పర్వతారోహకులు డబ్బా తలకిందులు చేసి వాడే ఖరీదైన స్టౌలలోనూ గొట్టం మంట గుండానే పోతుంది. అలా కట్టిన స్టౌను మాత్రమే తలకిందులు చేయవచ్చు. పెంబర్తి ఇత్తడి పనితనం చూసి మురిసేవాళ్ళు పాత ఇత్తడి పంపు స్టౌను అటక మీంచి దించి ఒకసారి ఆ గొట్టం మెలిక చూడాలి. గ్యాసునూనె సులువుగా దొరకని ఈ రోజుల్లో అంతకుమించి చెప్పడం అన్యాయం.

మరి ఏం కొనాలి? పెద్ద సిలిండర్, చిన్న బర్నర్. దుకాణాల్లో మాత్రం సరిగ్గా దీనికి ఉల్టా జత అంటగడతారు. గంటకు ఎన్ని గ్రాములు తాగుతుందో చెప్పే అట్టపెట్టె కనపడితే అదృష్టమే. పాండవుల గుట్టకో భీముని పాదం జలపాతానికో పోయేవాళ్ళు గాలికి అడ్డు పెట్టుకోవాలి గానీ సిలిండర్‌తో కలిపి చుట్టూ రేకు కట్టకూడదు. గుడారంలో వెలిగించకూడదు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. రిజర్వు అడవిలో అయితే అసలు నిప్పే పెట్టకూడదు. జనగామలోనో మహబూబాబాద్‌లోనో రైలెక్కేవాళ్ళు సిలిండర్ వెంట తీసుకెళ్తే రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ళదాకా జైలు. 2023 ఆగస్టు 26న మదురైలో ఆగి ఉన్న యాత్రికుల బోగీలో దొంగచాటుగా తెచ్చిన సిలిండర్ వల్ల మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు.

కొనేముందు సిలిండర్ మెడ దగ్గరి పట్టీ మీద అక్షరం, అంకె చదవాలి. ఎ అంటే జనవరి–మార్చి, బి అంటే ఏప్రిల్–జూన్, సి అంటే జూలై–సెప్టెంబరు, డి అంటే అక్టోబరు–డిసెంబరు, పక్కన సంవత్సరం. మళ్ళీ పరీక్ష చేయించాల్సిన గడువు అది. గడువు దాటినదీ, ఐఎస్‌ఐ ముద్ర లేనిదీ ఎంత చవకైనా వద్దు.