శిక్ష పెంచాలన్నా ముద్దాయి వాదన వినాల్సిందే
కోల్‌కతా: ఆర్‌.జి.కర్‌ వైద్య కళాశాల ఆసుపత్రిలో 2024 ఆగస్టు 9న జూనియర్‌ వైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య కేసులో దోషికి యావజ్జీవ శిక్ష చాలదని, ఉరిశిక్ష విధించాలని కోరుతూ రెండు అప్పీళ్ళు కలకత్తా హైకోర్టు ముందుకు వచ్చాయి. ఇది అరుదైన కేసులలోకెల్లా అరుదైనది కాదంటూ సియాల్దా సెషన్స్‌ కోర్టు 2025 జనవరి 20న తీర్పు చెప్పడం నగరంలో తీవ్ర ఆగ్రహానికి కారణమైంది. దర్యాప్తు సి.బి.ఐ. జరిపినందున రాష్ట్ర ప్రభుత్వ అప్పీలు విచారణకు అర్హం కాదని ఫిబ్రవరి 7న డివిజన్‌ బెంచి తోసిపుచ్చి, సి.బి.ఐ. అప్పీలును మాత్రం స్వీకరించింది.

అప్పీలు వచ్చినంత మాత్రాన శిక్ష పెరగదు. ముద్దాయికి కారణం చూపే అవకాశం ఇవ్వకుండా హైకోర్టు శిక్ష పెంచరాదని పాత క్రిమినల్‌ ప్రొసీజర్‌ కోడ్‌ 377వ సెక్షన్‌ నిర్దేశించింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్‌ సురక్షా సంహితలో 418వ సెక్షన్‌ కూడా ఇదే చెబుతోంది. అంతేకాదు, శిక్ష పెంపు అప్పీలుకు జవాబిస్తూనే తనను నిర్దోషిగా విడుదల చేయాలనో, శిక్ష తగ్గించాలనో ముద్దాయి కోరవచ్చు. ఉరి కోరుతూ ప్రభుత్వం తట్టిన తలుపు ముద్దాయికి కూడా తెరుచుకుంటుందన్న మాట. ఊరేగింపులలో ఈ సంగతి ఎవరికీ పట్టినట్లు లేదు.

ఇదే నగరంలో ధనంజయ్‌ ఛటర్జీ కేసును న్యాయవాదులు ఇప్పటికీ ప్రస్తావిస్తున్నారు. భవానీపూర్‌లోని ఒక అపార్టుమెంటులో 1990 మార్చి 5న పాఠశాల విద్యార్థిని అత్యాచారానికి, హత్యకు గురికాగా, అక్కడి కాపలాదారు అయిన అతనికి అలీపూర్‌ సెషన్స్‌ కోర్టు 1991లో ఉరిశిక్ష విధించింది. ప్రత్యక్ష సాక్షులు లేరు, పరిస్థితుల సాక్ష్యమే ఆధారం. 1992లో హైకోర్టు, 1994 జనవరి 11న సుప్రీంకోర్టు శిక్షను ఖాయపరిచాయి. క్షమాభిక్ష తిరస్కరణ, స్టేల నడుమ అమలు దాదాపు పదేళ్ళు నిలిచిపోయింది. 2004 ఆగస్టు 4న రాష్ట్రపతి అబ్దుల్‌ కలాం క్షమాభిక్ష నిరాకరించగా, ఆగస్టు 14న అలీపూర్‌ సెంట్రల్‌ జైలులో అతన్ని ఉరి తీశారు. అప్పటికే అతను 14 ఏళ్ళు జైలులో గడిపాడు.

మెట్లన్నీ ఎక్కిన కేసే. అయితే నేర తీవ్రతనే కాక నేరస్తుని పరిస్థితులను కూడా తూచాలని 1980లో బచన్‌ సింగ్‌ కేసులో రాజ్యాంగ ధర్మాసనం విధించిన నియమం ఇక్కడ ఎంతవరకు పాటించారన్నది ప్రశ్న. శిక్ష తగ్గింపునకు దోహదపడే అంశాలను ధనంజయ్‌ తీర్పు లెక్కలోకి తీసుకున్నట్లు కనిపించడం లేదని 2013లో సుప్రీంకోర్టే మరో కేసులో వ్యాఖ్యానించింది. అప్పటికి ఉరి అమలై తొమ్మిదేళ్ళయింది. ఆ వ్యాఖ్యను 2015లో లా కమిషన్‌ తన 262వ నివేదికలో ఉదహరించింది.

తెలుగు పాఠకులకు చిలకలూరిపేట బస్సు దహనం కేసు గుర్తుండే ఉంటుంది. 1993లో 23 మంది ప్రాణాలు పోయిన ఆ ఘటనలో చలపతిరావు, విజయవర్ధనరావులకు పడిన ఉరిని పౌరహక్కుల ఉద్యమం తర్వాత 1998లో రాష్ట్రపతి కె.ఆర్‌.నారాయణన్‌ యావజ్జీవంగా మార్చారు. అది కోర్టులో లభించిన ఊరట కాదు, రాష్ట్రపతి దయ.

కోర్టులలో మార్పు ఆ తర్వాతనే మొదలైంది. ధనంజయ్‌ అప్పీలును ఇద్దరు న్యాయమూర్తుల బెంచి విన్నది. ఉరిశిక్ష కేసులను కనీసం ముగ్గురు వినాలని, రివ్యూ పిటిషన్లను బహిరంగ కోర్టులో విచారించాలని 2014 సెప్టెంబరులో రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. క్షమాభిక్షపై అకారణ జాప్యం జరిగితే ఉరిని యావజ్జీవంగా మార్చవచ్చునని అదే ఏడాది జనవరిలో మరో తీర్పు వెలువడింది. 2022 మేలో మనోజ్‌ కేసులో, ఉరి కోరే చోట ముద్దాయి మానసిక స్థితి, కుటుంబ నేపథ్యం, జైలు ప్రవర్తనలపై సమాచారాన్ని విచారణ దశలోనే తెప్పించుకోవాలని సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఒక చిక్కు మిగిలింది. దోషిగా తేల్చిన రోజే శిక్షపై వాదన వినడం పలు కోర్టులలో ఆనవాయితీ. ఆర్‌.జి.కర్‌ కేసులో నడుమ రెండు రోజుల వ్యవధి మాత్రమే ఉంది. ముద్దాయి గతాన్ని గురించిన సాక్ష్యం సేకరించడానికి న్యాయవాదికి ఎంత గడువు ఇవ్వాలన్న అంశాన్ని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనానికి నివేదిస్తూ 2022 సెప్టెంబరు 19న సుప్రీంకోర్టు ఉత్తర్వులు జారీ చేసింది.