ఆపరేషన్ అయితే ఇస్తారా అక్కా?

గుంటూరు బ్రాడీపేటలో కూర్చుని హెల్త్ పాలసీలు అమ్మడం మొదలుపెట్టి పద్నాలుగేళ్లయింది. పోయిన కార్తీకంలో ఓ మధ్యాహ్నం నా దగ్గరికి ముగ్గురు వచ్చారు. భార్యాభర్తలు, భర్త చెల్లెలు. ఫైబ్రాయిడ్లు ముదిరి ఆ భార్యకు గర్భసంచి తీసేశారు. వాళ్ల బిడ్డను మోయడానికి ఆడపడుచు ఒప్పుకుంది. ఆ అమ్మాయికి ముప్పై ఒకటి. ఒకటో తరగతి చదివే కొడుకున్నాడు. సరోగసీకి చట్టం అడిగేదీ అదే. పెళ్లయి, సొంత బిడ్డ ఉండి, 25 నుంచి 35 ఏళ్ల మధ్య వయసుండాలి. అదీ జీవితంలో ఒక్కసారే.

"ఐదు లక్షలకు ఓ హెల్త్ పాలసీ రాయండక్కా. ఫైల్లో పెట్టాలంట," అంది వదిన.

పది నిమిషాల పని. కొటేషన్ తీశాను. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ తీసేశారు కాబట్టి ప్రీమియం వాళ్లనుకున్న దానికన్నా తక్కువే వచ్చింది. అన్నగారు జేబులోంచి కార్డు తీస్తుండగా, అప్పటిదాకా నోరు మెదపని చెల్లెలు అడిగింది.

"నాకు ఆపరేషన్ అయితే దీంట్లో డబ్బులిస్తారా అక్కా?"

చూసి చెప్తానమ్మా అన్నాను. నిజానికి చూడకుండానే చెప్పగలగాలి. ఆ రాత్రి ఇంటికెళ్లి పాలసీ పుస్తకం తెరిస్తే నాకే తల కొట్టేసినట్టయింది.

ఏ కంపెనీ పాలసీలోనైనా వెనక పేజీల్లో మినహాయింపుల జాబితా ఉంటుంది. అన్ని కంపెనీలూ ఒకే మాటలు వాడాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఆదేశించింది. అందులో 17వ కోడ్ సంతానలేమి చికిత్సల గురించి. ఐవీఎఫ్ పక్కనే సరోగసీ పేరు కూడా ఉంది. 18వ కోడ్ ప్రసవం గురించి. కష్టమైన కాన్పు, సిజేరియన్, అబార్షన్ ఏదీ ఇవ్వరు. అంటే ఆ అమ్మాయికి డెంగీ వస్తే డబ్బొస్తుంది, కాలు విరిగితే వస్తుంది. ఏ పని కోసం పాలసీ కొంటున్నామో ఆ పనికి మాత్రం రాదు.

మెటర్నిటీ కవర్ కలిపిన పాలసీ తీసుకుంటే పోదా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. చాలావాటికి రెండేళ్లో మూడేళ్లో వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. చట్టం పెట్టమన్న బీమా గడువే 36 నెలలు. వెయిటింగ్ తీరేసరికి ఆ గడువులో చాలా భాగమో, మొత్తమో తీరిపోతుంది. ఆ దంపతుల ఆఫీసు గ్రూపు పాలసీ కూడా ఆదుకోదు. అది ఉద్యోగికీ, భార్యకో భర్తకో, పిల్లలకీ వర్తిస్తుంది గానీ ఆడపడుచుకు కాదు.

మన పత్రికలు ఇంకా 'అద్దె గర్భం' అనే రాస్తున్నాయి. 2022 జనవరి 25న సరోగసీ నియంత్రణ చట్టం అమల్లోకి వచ్చాక అద్దె అనేదే నేరం. మోసిన మనిషికి ప్రతిఫలంగా ఒక్క రూపాయి ఇవ్వకూడదు. చట్టప్రకారం ఆమెకు దక్కేవి వైద్య ఖర్చులు, నిబంధనల్లో చెప్పిన ఇతర ఖర్చులు, బీమా. అంతే. అందుకే బీమాను ఫైలు కాగితంలా చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 2022 జూన్‌లో వచ్చిన నిబంధనలు స్పష్టంగానే ఉన్నాయి. గర్భం వల్ల వచ్చే అన్ని ఇబ్బందులకూ, ప్రసవం తర్వాతి సమస్యలకూ సరిపడే మొత్తానికి, 36 నెలల పాటు, ఆమె పేరున పాలసీ ఉండాలి. ఇంత అని అంకె మాత్రం చెప్పలేదు. జిల్లా మెడికల్ బోర్డు సర్టిఫికెట్, బిడ్డ ఎవరిదో తేల్చే మేజిస్ట్రేట్ ఉత్తర్వు, ఈ బీమా, మూడూ ఉంటేనే అనుమతి. కాబట్టి పిండం పెట్టకముందే పాలసీ చేతిలో ఉండాలి.

దంపతులు ఒక అఫిడవిట్ కూడా ఇవ్వాలి. ఆమెకు జబ్బు చేసినా, ప్రాణం మీదికొచ్చినా నష్టం భరిస్తామన్న హామీ అది. మర్నాడు ఈ సంగతి చెబితే అన్నగారు కాసేపు మాట్లాడలేదు. "అంటే పాలసీ ఇవ్వకపోతే నేనివ్వాలి," అన్నారు. అవునండీ, మీరే.

ఇక వేట మొదలైంది. ఈ చట్టానికి తగ్గ పాలసీలు ఇవ్వమని ఐఆర్‌డీఏఐ కంపెనీలకు చెప్పింది గానీ బ్రాంచిలో అడిగితే మాత్రం మొహమొహాలు చూసుకుంటారు. ఒకచోట కంప్యూటర్లో 'బంధుత్వం' అన్న గడి దగ్గరే ఆగిపోయాం. భార్య, కొడుకు, అత్త అన్నీ ఉన్నాయి, సరోగేట్ లేదు. "సిస్టర్ అని కొట్టేద్దాం మేడమ్," అన్నాడు కుర్రాడు. వద్దన్నాను. సంగతి దాచి రాసిన ప్రపోజల్ క్లెయిమ్ రోజున తిరగబడుతుంది. మూడు వారాలు తిరిగాక, బ్రోకర్ ద్వారా ఒక కంపెనీ సరోగేట్ తల్లికని విడిగా పాలసీ ఇచ్చింది. నా మొదటి కొటేషన్ కన్నా ప్రీమియం ఎన్నో రెట్లు. అయినా 17, 18 కోడ్‌లు ఆమెకు వర్తించవని రాతలో ఉంది. నేను వెతికింది ఆ వాక్యం కోసమే.

మూడేళ్ల ప్రీమియం ఒకేసారి కట్టించాను. బిడ్డ చేతికొచ్చాక రెండో ఏడు రెన్యువల్ ఎవరికి గుర్తుంటుంది? గుర్తున్నా కట్టాలని ఎంతమందికి అనిపిస్తుంది? హెల్త్ పాలసీ ఆసుపత్రి బిల్లు వరకే కాబట్టి, ఆ అమ్మాయి కొడుకు పేరు నామినీగా టర్మ్ పాలసీ కూడా విడిగా తీయించాను. గర్భం వచ్చాక అడిగితే కాన్పయ్యాక రమ్మనే కంపెనీలే ఎక్కువ.

పుట్టే బిడ్డ మాత్రం చట్టరీత్యా దంపతుల బిడ్డ. ఇంక్యుబేటర్‌లో పెట్టాల్సి వస్తే ఆ ఖర్చు ఆడపడుచు పాలసీలోకి రాదు. కాన్పు క్లెయిమ్ లేకుండానే బిడ్డను దంపతుల పాలసీలో మొదటి రోజు నుంచి చేర్చుకుంటారో లేదో కంపెనీతో ముందే రాయించుకోవాలి.

మీ ఇంట్లో ఇలాంటి అవసరం వస్తే పాలసీ అందిన రోజే వెనక పేజీల నుంచి చదవండి. నచ్చకపోతే తిరిగిచ్చేయడానికి 30 రోజుల గడువుంది. క్లెయిమ్ దగ్గర అన్యాయం జరిగితే ముందు కంపెనీకి, తర్వాత హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి, ఫీజు లేదు. ఇంకొక్క మాట. ఒరిజినల్ పాలసీ, క్యాష్‌లెస్ కార్డు దంపతుల బీరువాలోనో, ఆసుపత్రి ఫైల్లోనో వద్దు. మోసే మనిషి ఇంట్లో, ఆమె భర్తకు తెలిసిన చోట పెట్టించండి.