మంచి గింజ ఇంటికి ఉంచుకోండి



ఈ మధ్య తిరుపతి అంగళ్లలో అక్రోటు పప్పు బాగా కనిపిస్తున్నది. గుండెకు మంచిదనీ, మెదడుకు బలమనీ చెప్పి అమ్ముతున్నారు. పట్నంలో చదివే పిల్లవాడు చంద్రగిరికి వచ్చి, "నాయనా, దినామూ నాలుగు అక్రోట్లు తినాలంట" అన్నాడనుకోండి. రైతు ఏమి చేయాలి? అక్రోటు చలిసీమ చెట్టు. మన దేశంలో ముఖ్యంగా కాశ్మీరులో కాస్తుంది. స్వర్ణముఖి ఒడ్డున అది కాయదు. కొందామంటే ఖరీదు. అట్లని పిల్లవాని మాట తోసివేయవలసినదీ కాదు. అక్రోటులో ఉన్న మంచి ఏమిటో, అందులో ఎంత భాగం మన చేలోనే దొరుకుతుందో లెక్క చూద్దాము.

మన చేలో అంటే చెనక్కాయ. పుస్తకాలలో వేరుసెనగ అంటారు. ఇది కూడా ఒకప్పుడు పరదేశపు పంటే. దక్షిణ అమెరికాలో పుట్టి, సముద్రాలు దాటి వచ్చి, మన యెర్రనేలల్లో వానమీదనే ఆధారపడి పండడం నేర్చుకొన్నది. చంద్రగిరి 1911 వరకు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. మన పొరుగు తమిళులు దీనిని మణిలా కొట్టై అని పిలిచేవారు. నేడు మామిడితోటలు పెరిగి చెనక్కాయ సాగు కొంత తగ్గినా, మన వంటింట్లో దాని చోటు తగ్గలేదు.

ఇక లెక్క. నూరు గ్రాముల అక్రోటు పప్పులో మాంసకృత్తులు సుమారు 15 గ్రాములు. నూరు గ్రాముల చెనక్కాయ పప్పులో సుమారు 25 గ్రాములు. అక్రోటులో కొవ్వు 65 గ్రాముల దాకా ఉంటే, చెనక్కాయలో 40 నుండి 50 గ్రాములు. ఈ రెండింటిలోనూ ఎక్కువ భాగం గుండెకు కీడు చేయని రకపు కొవ్వే. నెయ్యి, డాల్డా వంటివి తగ్గించి, ఆ స్థానంలో ఇటువంటి గింజలు తింటే నెత్తుటిలో చెడ్డ కొలెస్టరాలు తగ్గుతుంది. గర్భిణీలకు అవసరమైన ఫోలేటు, నరాలకూ చర్మానికీ అవసరమైన నయాసిన్ చెనక్కాయలో మెండుగా ఉన్నవి.

అయితే ఒక్క విషయంలో అక్రోటుదే పైచేయి. అందులో ఒమేగా-3 అనే కొవ్వు ఉన్నది. చెనక్కాయలో అది దాదాపు లేదు. అది కావాలంటే అక్రోటే కొనాలని లేదు. అవిసె గింజలు వేయించి పొడి చేసుకొంటే చాలును.

ఏ గింజా ఒంటరిగా అన్ని పోషకాలూ ఇవ్వదు. మన పెద్దలు ఈ సంగతి లెక్కలు లేకుండానే కనిపెట్టినారు. రాగి సంగటి ముద్దలో చెనక్కాయల ఊరిబిండి నంజుకోవడం మన అలవాటు. చెనక్కాయలో సున్నము తక్కువ. రాగుల్లో నూరు గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. రాగుల్లో మాంసకృత్తులు తక్కువ. ఆ లోటు చెనక్కాయ తీరుస్తుంది. పక్కన ఇంత పప్పు, ఇంత ఆకుకూర ఉంటే భోజనం నిండుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు బలహీన శిశువుల కోసం తయారుచేసిన మిశ్రమంలో కూడా గోధుమలు, సెనగపప్పు, బెల్లంతోపాటు చెనక్కాయపప్పు ఉన్నది.

ఎంత తినాలి? పెద్దవారికి దినానికి ఒక గుప్పెడు, అనగా సుమారు 30 గ్రాములు. అంతకు మించితే ఒళ్లు పెరుగుతుంది. ఐదేళ్లలోపు పిల్లలకు గింజ గింజగా పెట్టరాదు. గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉన్నది. పొడిచేసి, మెత్తని ముద్దచేసి పెట్టండి. కొందరి ఒంటికి చెనక్కాయ అసలు పడదు. తిన్న వెంటనే దద్దురులు లేచినా, ఊపిరి బిగిసినా డాక్టరు దగ్గరకు తీసుకొనిపోవలెను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. కల్లంలో కాయలు వొలిచి చేట పట్టినప్పుడు మనం చేసే పని ఏమిటి? నిండు గింజ విత్తనానికి. మంచి గింజ సాహుకారికి. మిగిలిన ముడుత గింజ, పగిలిన గింజ, రంగు మారిన గింజ వంటింటికి. "అమ్ముడుపోదు గదా, చట్నీకి పనికివస్తుందిలే" అంటాము. ఇదే మనం చేస్తున్న పెద్ద తప్పు.

ఎందుకంటారా? 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోయినవి. వాటికి వేసిన మేతలో బ్రెజిలు నుండి వచ్చిన వేరుసెనగ చెక్క ఉన్నది. ఆ చెక్కకు పట్టిన ఒకరకం బూజు విడిచిన విషమే కారణమని శాస్త్రజ్ఞులు తేల్చినారు. దానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టినారు. ఇది కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే కాలేయానికి క్యాన్సరు తెస్తుంది. కంటికి కనబడదు, వాసనకు తెలియదు. వేయించినా ఉడికించినా పూర్తిగా పోదు. ఈ విషం ఎక్కువగా చేరేది ముడుతపడిన, పగిలిన, రంగుమారిన గింజల్లోనే. సంతకు పనికిరాదని మన బిడ్డకు పెట్టేది ఆ గింజనే!

ఈ బూజు చేలోనే మొదలవుతుంది. కోతకు ముందు మూడు నాలుగు వారాలు వాన ముఖం చాటేస్తే దానికి బలం. నీటి వసతి ఉన్నవారు ఆ రోజుల్లో ఒక తడి ఇవ్వగలిగితే మేలు. తిరుపతి వ్యవసాయ పరిశోధనా స్థానంవారు నారాయణి, ధరణి వంటి సుమారు నూరు రోజుల రకాలు విడుదల చేసినారు. ఏ రకమైనా సకాలంలో పెరకండి. కాయ విప్పి చూస్తే పొట్టు లోపలివైపు నల్లబారి ఉంటే ముదిరినట్లు. నాలుగింట మూడు కాయలు అట్లుంటే పెరకవచ్చును.

పెరికిన చెట్లను కాయలు పైకి వచ్చేటట్లు తిరగేసి ఎండనివ్వండి. పచ్చికాయలు కుప్పవేయకండి. గింజలో తేమ 8 శాతానికి తగ్గేవరకు ఎండవలెను. కొలిచే యంత్రం లేకున్నా గుర్తులున్నవి. కాయ ఊపితే గలగలమనాలి. గింజను వేళ్లతో నలిపితే పైపొర ఊడిరావాలి. వొలుపు సులువని కాయలమీద నీళ్లు చల్లవద్దు. ఎండబెట్టిన కష్టమంతా ఆ చెంబెడు నీళ్లతో పోతుంది. గోతాలను నేలమీద గాక చెక్కలమీద, గోడకు దూరంగా పెట్టండి.

బూజుపట్టిన గింజలను గానుగకు పంపవద్దు. విషం చాలావరకు చెక్కలో ఉండిపోతుంది. ఆ చెక్క ఆవు తింటే పాలలోకి దిగుతుంది. ఆ పాలు తాగేదీ మన పిల్లలే. అటువంటి గింజలను పూడ్చివేయడమే మంచిది.

విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. పల్లెకు పోయినప్పుడు ఎకరాకు ఎన్ని మూటలు వచ్చినవని అడుగుతున్నారు. దానితోపాటు, "అమ్మా, చట్నీకి ఏ గింజ పెట్టుకొన్నావు?" అని కూడా అడగండి. ఒక చేట తెప్పించి, మంచివి ఒకవైపు, చెడ్డవి ఒకవైపు ఏరి చూపించండి. ఉపన్యాసంకన్న ఆ చేటే ఎక్కువ చెబుతుంది.

సోదరులారా, ఇంట్లో నలుగురుంటే, తలకు గుప్పెడు చొప్పున దినానికి 120 గ్రాములు, ఏడాదికి సుమారు 44 కిలోల పప్పు. పంట అమ్మకముందే ఆ మేరకు మేలైన గింజను పక్కకు తీసి పెట్టండి. సంతకు పోయేది ఆ తరువాతనే. అప్పుడు మీ పిల్లవాడు అక్రోటు మాట ఎత్తితే, సంగటి ముద్దా ఊరిబిండీ ముందు పెట్టి, నిశ్చింతగా తినమనవచ్చును.

సెలవు.