పరుగు పందెం పెడతారు... పరుగు నేర్పరు
చిన్నబడుల్లో ఆటలకు గంట లేదు, గురువు లేడు

శ్రీకాకుళం: ఆగస్టు 15, జనవరి 26. పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో చాలామంది పిల్లలకు ఆటలంటే గుర్తొచ్చే తేదీలు ఈ రెండే. పండగకు ముందు రోజు సున్నంతో గీతలు గీస్తారు. పరుగు పందెం, చెంచాలో నిమ్మకాయ, కుర్చీలాట పెడతారు. ముందొచ్చిన ముగ్గురికి స్టీలు గ్లాసో, పెన్సిళ్ల పెట్టో బహుమతిగా ఇస్తారు. మిగిలినవారు చప్పట్లు కొడతారు. అంతటితో ఆ ఏటి ఆటలు ముగిసినట్టే.

ఆ గెలిచిన ముగ్గురూ బడి నేర్పితే గెలిచినవారు కారు. చెరువు గట్ల మీద, తోటల్లో, వీధుల్లో తమంతట తాము పరుగెత్తి నేర్చుకున్నవారు. మరి ఓడినవారి సంగతేమిటి? అక్షరాలు రాని పిల్లవాడిని ‘నీకు చదువు రాదులే, పక్కన కూర్చుని చప్పట్లు కొట్టు’ అని ఏ మాస్టారూ అనరు. ఆటల దగ్గరకు వచ్చేసరికి మాత్రం జరుగుతున్నది అదే.

డ్రిల్లు మాస్టారు హైస్కూలుకే

వ్యాయామోపాధ్యాయుడంటే హైస్కూలు మనిషే. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఉన్న చిన్నబడికి ఆ పోస్టు సాధారణంగా ఉండదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. ప్రతి తరగతికీ ఆట వస్తువులు, క్రీడా సామగ్రి ఇవ్వాలంది. కాని వ్యాయామ విద్యకు బోధకుడు ఉండాలన్న నిబంధనను ఆరు నుంచి ఎనిమిది తరగతులకే పెట్టింది. అదీ నూరుమందికి మించి పిల్లలుంటేనే, పార్ట్ టైం బోధకుడిగానే. అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు చట్టం ప్రకారం ఇద్దరు టీచర్లు. ఐదు తరగతులూ, అన్ని సబ్జెక్టులూ, రిజిస్టర్లూ, మధ్యాహ్న భోజనం లెక్కలూ ఆ ఇద్దరి నెత్తిమీదే. అందుకే టైంటేబుల్లో ఆటల పీరియడ్ ఉన్నా అది లెక్కల్లోనో, తెలుగులోనో కలిసిపోతోంది. లేదంటే ‘పోయి ఆడుకోండి’ అని పిల్లలను బయటకు వదిలేస్తున్నారు.

మండల, జిల్లా స్థాయి పాఠశాల క్రీడాపోటీలు ప్రధానంగా అండర్-14, అండర్-17 విభాగాల్లో జరుగుతాయి. అప్పటికి పిల్లలు హైస్కూలులో ఉంటారు. అక్కడి వ్యాయామోపాధ్యాయుడి చేతికి వచ్చేసరికి ఒక పిల్లవాడికి పదకొండేళ్లు దాటుతాయి. బంతి పట్టడం రాని పిల్లవాడిని ఆ వయసులో జట్టులోకి పిలిచేవారుండరు. పిలిచినా నలుగురిలో నవ్వులపాలవుతానని వాడే రాడు. పునాది వేయవలసిన ఐదేళ్లూ చిన్నబడిలోనే గడిచిపోతున్నాయన్నమాట.

వయసుతోపాటే వచ్చేవి కావు

పరుగు, దూకుడు, విసరడం, పట్టడం వయసు వస్తే అవే వస్తాయని తల్లిదండ్రుల నమ్మకం. అది సగమే నిజం. ఐదేళ్ల పాపకు బంతి వేసి చూస్తే సంగతి తెలుస్తుంది. రెండు చేతులూ కొయ్యల్లా చాచి, ముఖం పక్కకు తిప్పుకొని, బంతిని గుండెకు హత్తుకోవాలని చూస్తుంది. బంతిని చివరిదాకా కళ్లతో వెంబడించి, వేళ్లతో అందుకోవడం చాలాసార్లు ఆడితేగాని అలవడదు. ఆ అవకాశం లేని పిల్ల పదేళ్లు వచ్చినా బంతి వస్తుంటే ముఖం తిప్పుకుంటూనే ఉంటుంది.

విసరడమూ అంతే. కుడిచేత్తో విసిరే చిన్నపిల్లవాడు మొదట్లో కుడికాలే ముందుకు వేస్తాడు. బంతి నాలుగు బారలైనా పోదు. ఎడమకాలు ముందుకు వేసి, నడుము తిప్పి విసరమంటే అదే చెయ్యి, అదే బంతి రెట్టింపు దూరం పోతుంది. మాటలతో చెబితే పిల్లలకు ఎక్కదు. నేలమీద సుద్దముక్కతో రెండు పాదాల గుర్తులు గీసి, వాటిమీద నిలబడి విసరమంటే చాలు. దూకి దిగేటప్పుడు మోకాళ్లు వంచాలన్న ఒక్క సంగతి నేర్పితే చీలమండ బెణుకులు తగ్గుతాయి. ఇవేమీ పెద్ద విద్యలు కావు. కాని ఎవరో ఒకరు చూసి దిద్దాలి. దస్తూరి దిద్దినట్టే ఇదీను.

ఐదు నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు వేడెక్కి, గుండె వేగంగా కొట్టుకునేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో చెప్పింది. వారంలో కనీసం మూడు రోజులు కండలకు, ఎముకలకు బలం చేకూర్చే ఆటలుండాలని కూడా అంది. చెట్లెక్కే, వాగులో ఈదే పిల్లలకు ఒకనాడు ఈ లెక్క అవసరమయ్యేది కాదు. ఇవాళ పల్లెల్లోనూ సెల్‌ఫోను చేతికొచ్చింది. ఆటో ఎక్కి ప్రైవేటు బడికి పోయి, సాయంత్రం ట్యూషన్‌కు పోయే పిల్లలకు పరుగెత్తే పొద్దే దొరకడం లేదు.

ఔటైనవాడికే ఆట కావాలి

కుర్చీలాటలో మొదట ఔటయ్యేది ఎవరు? కాలు చురుకుగా కదలని పిల్లవాడే. అతడు లేచి పక్కకు పోయి కూర్చుంటాడు. బాగా ఆడగలిగినవాడు ఆఖరుదాకా ఆడతాడు. అంటే ఎవరికి ఎక్కువ సాధన కావాలో వాడికే తక్కువ ఆట దక్కుతోంది. చిన్నపిల్లల ఆటల్లో ఉన్న పెద్ద లోపం ఇదే.

దీనిని సరిచేయడం సులభం. ఔటైనవాడు కూర్చోకుండా అవతలి గీత దాకా ఒంటికాలిపై కుంటుతూ పోయి వచ్చి మళ్లీ ఆటలో చేరాలని నియమం పెడితే సరిపోతుంది. జట్లను ఇద్దరు లీడర్లు ఏరుకునే పద్ధతి కూడా మాన్పించాలి. అందరికన్నా చివర మిగిలిపోయిన పిల్ల ముఖం చూసినవారికి ఎందుకో చెప్పనక్కరలేదు. ఒకటి, రెండు అని లెక్కపెట్టి జట్లు వేస్తే ఎవరికీ చిన్నతనం ఉండదు.

ముప్పైమంది పిల్లలకు ఒకే బంతి ఇచ్చి ఆడమన్నా నష్టమే. అరగంటలో ఒక్కో పిల్లవాడికి బంతి తగిలేది రెండు, మూడుసార్లే. ఇద్దరికో బంతి ఉంటే అదే అరగంటలో వందసార్లు విసిరి పట్టవచ్చు. చిన్న తరగతుల్లో ఆటలు నేర్పడంలోని కీలకం ఇదే. వరుసలో నిలబడే సమయం తగ్గాలి, ఒళ్లు కదిలే సమయం పెరగాలి.

ఊరి ఆటల్లోనే పాఠాలు

అన్ని బంతులు ఎక్కడివి? పాతచీర పేలికలు చుట్టి, పురికొసతో బిగించి కడితే గుడ్డబంతి తయారు. దెబ్బ తగిలినా నొప్పి ఉండదు గనుక పిల్లల భయం పోతుంది. మరీ చిన్నవాళ్లకు చేతిరుమాలు ఎగరేసి పట్టుకోవడంతో మొదలుపెట్టవచ్చు. రుమాలు మెల్లగా దిగుతుంది, కంటికి అందుతుంది. అరిగిన సైకిలు టైరును నేలమీద పరిస్తే దూకడానికి గడి, చెట్టుకొమ్మకు వేలాడదీస్తే గురిచూసి విసరడానికి గుండ్రం. పాత కొబ్బరితాడును నేలమీద సాగదీస్తే దానిమీద నడుస్తూ నిలదొక్కుకోవడం నేర్చుకుంటారు. బండెడు ఇసుక పోస్తే దూకుడు గుంట.

ఇక ఆటల సంగతి. మన ఊళ్లలో తరతరాలుగా ఉన్నవే చాలు. తొక్కుడుబిళ్లలో ఒంటికాలి గెంతు, తూకం, గురి మూడూ ఉన్నాయి. అచ్చనగాయలు ఆడే పిల్లకు కన్ను, చెయ్యి ఒక్కటిగా పనిచేయడం అలవడుతుంది. ఏడుపెంకులాటలో గురి, విసురు, దెబ్బ తప్పించుకునే ఒడుపు ఉన్నాయి. నాలుగు స్తంభాలాటలో చటుక్కున కదలడం, దిశ మార్చడం ఉంది. చెడుగుడు, ఖోఖో కాస్త పెద్దయ్యాక, నాలుగైదు తరగతుల్లో మొదలుపెట్టవచ్చు. బిళ్లంగోడు మాత్రం జాగ్రత్త. ఎగిరిన బిళ్ల కంటికి తగిలితే చూపు పోయే ప్రమాదముంది. పెద్దవారి ఎదుట, మిగిలినవారిని దూరంగా నిలబెట్టి ఆడించాలి.

నలభై నిమిషాల పీరియడ్‌ను ఇలా పంచుకోవచ్చు. ముందు ఐదు నిమిషాలు మెల్లగా పరుగు, చేతులు కాళ్లు విదిలించడం. తరువాత పదిహేను నిమిషాలు ఆ రోజు నేర్పదలచిన ఒకే ఒక్క అంశం, విసరడమో దూకడమో. మరో పదిహేను నిమిషాలు ఆ అంశం ఉన్న ఆట. చివరి ఐదు నిమిషాలు నడక, మంచినీళ్లు. ఇద్దరు టీచర్లున్న బడిలో ఒకరు తరగతిలో ఉంటే మరొకరు మైదానంలో ఉండవచ్చు. నెలకోసారి దగ్గరలోని హైస్కూలు వ్యాయామోపాధ్యాయుడు వచ్చి చూపించిపోతే చిన్నబడి టీచర్లకు ధైర్యం వస్తుంది.

ఎండవేళ, అన్నం తిన్న వెంటనే ఆడించకూడదు. ప్రార్థన తరువాతి గంట, లేదా ఆఖరి పీరియడ్ అనువైనవి. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్న పిల్లలెవరో తల్లిదండ్రులను ముందే అడిగి రాసుకోవాలి. చాలామంది వట్టికాళ్లతో వస్తారు గనుక ఆటకు ముందు మైదానంలో గాజుపెంకులు, ముళ్లు ఏరించాలి. ఒంట్లో అవకరం ఉన్న పిల్లవాడిని లెక్కలు రాసేందుకు కూర్చోబెట్టడం తగదు. కూర్చుని విసిరే ఆట, దగ్గర గీత, పెద్దబంతి ఇస్తే అతడూ ఆడతాడు.

ఆడపిల్లలు, ముందే వడపోతలు

రెండో తరగతి దాకా మగపిల్లలతో సమానంగా పరుగెత్తే ఆడపిల్లలు నాలుగు, ఐదు తరగతులకు వచ్చేసరికి గోడవారగా చేరుతున్నారు. ‘ఎదిగిన పిల్లవి, ఆ గెంతులేమిటే’ అని ఇంట్లో అమ్మమ్మలు, నాయనమ్మలు అంటారు. బడిలో మగపిల్లలు మైదానం ఆక్రమిస్తే, ఆడపిల్లలకు చీపుర్లు, నీళ్లబిందెలు మిగులుతున్నాయి. ఆటల గంటలో అందరూ ఆడవలసిందేనని టీచరు అంటే తప్ప ఇది మారదు.

ఆడపిల్లకు ఆటలెందుకనేవారికి ఈ జిల్లాలోనే సమాధానముంది. ఆమదాలవలస మండలం ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం సాధించారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. అంతకుముందు 1994, 1995 సంవత్సరాల్లో ప్రపంచ విజేతగా నిలిచారు. చిన్నతనంలో సన్నగా ఉందని, బరువులెత్తడానికి పనికిరాదని ఆమెను మొదట వెనక్కి పంపారని చెబుతారు. ఎనిమిదేళ్ల, పదేళ్ల వయసులో ‘ఇతను పనికొస్తాడు, ఈమె పనికిరాదు’ అని తేల్చడం ఎంత తొందరపాటో దీనినిబట్టే అర్థమవుతుంది. చిన్నబడి పని ఏరడం కాదు, అందరికీ నేర్పడం.

శ్రీకాకుళం పట్టణంలోని స్టేడియానికి పేరు పెట్టుకున్న కోడి రామ్మూర్తినాయుడు వీరఘట్టంలో పుట్టారు. గొలుసులు తెంచిన మల్లుడిగానే ఆయన అందరికీ తెలుసు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో తాను చదివిన బడిలోనే వ్యాయామ శిక్షకుడిగా పనిచేశారన్నది చాలామందికి తెలియదు. కలియుగ భీముడనిపించుకున్న మనిషి కూడా డ్రిల్లు మాస్టారి పనిని చిన్నదనుకోలేదు.

కళ్లాలవుతున్న మైదానాలు

ఆడించాలన్న మనసున్న టీచర్లకు స్థలం మరో సమస్య. నూర్పుల కాలంలో ప్రహరీ లేని బడి మైదానం ఊరందరికీ కళ్లం. ధాన్యం ఆరబోస్తారు, గడ్డికుప్పలు వేస్తారు, పశువులను కడతారు. అదనపు గదులు మంజూరైతే మైదానం నడిమధ్యన కట్టేవారూ ఉన్నారు. మూలకు జరిపి కట్టి ఉంటే ఆటస్థలం మిగిలేది. వేరే చోటు చూసుకోమని రైతులకు చెప్పవలసింది ఊరి పెద్దలే. ఆ మైదానంలో ఆడవలసినవారు వారి మనుమలే కదా.

డబ్బు విషయానికొస్తే, 2018లో ప్రారంభమైన సమగ్ర శిక్ష పథకంలో క్రీడా సామగ్రి కోసం ప్రాథమిక పాఠశాలకు ఏడాదికి 5,000 రూపాయలు, ప్రాథమికోన్నత పాఠశాలకు 10,000 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించారు. ఐదువేలతో క్రికెట్ కిట్టు ఒకటి కొంటే పదకొండుమంది మగపిల్లలు ఆడతారు. అదే సొమ్ముతో రబ్బరు బంతులు, గెంతుతాళ్లు, వలయాలు కొంటే బడి మొత్తం ఆడుతుంది. కొన్న సామాను బీరువాలో తాళం పడి ఉండకూడదు. పాడవుతాయని దాచిన బంతి కంటే, ఆడి అరిగిన బంతే లెక్కకు నిజమైన రుజువు.

టైంటేబుల్లో ఉన్న ఆటల గంటను మరో పాఠానికి వాడరాదని మండల విద్యాశాఖాధికారులు తనిఖీల్లో పట్టించుకోవాలి. హైస్కూలు వ్యాయామోపాధ్యాయులను నెలకొకసారైనా చుట్టుపక్కల చిన్నబడులకు పంపాలి. తల్లిదండ్రుల కమిటీ సమావేశాల్లో మార్కులతోపాటు మైదానం సంగతీ చర్చకు రావాలి. ‘మావాడికి లెక్కలు వస్తున్నాయా’ అని అడిగే తండ్రి, ‘మావాడికి బంతి పట్టడం వచ్చిందా’ అని కూడా అడిగితే, వచ్చే ఆగస్టు పదిహేనుకు పందెంలో నిలబడే పిల్లలు పెరుగుతారు, పక్కన కూర్చుని చప్పట్లు కొట్టేవారు తగ్గుతారు.